సిబ్బంది లేని చిన్న రైల్వే స్టేషను చరిత్రను రాయడం ఎలా

సిబ్బంది లేని ఒక చిన్న రైల్వే స్టేషను చరిత్ర రాయాలని కూర్చున్నవారు ముందుగా వేసుకునే ప్రశ్న "దీన్ని ఎప్పుడు తెరిచారు?" అన్నదే. అంతకంటే ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: అక్కడ ఎన్నడైనా ఉద్యోగులు పనిచేశారా, లేక ఆ స్టేషను పుట్టిన నాటి నుంచీ మనిషి లేకుండానే ఉందా? ఈ రెండు రకాల స్టేషన్లూ ఇవాళ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి. ఒక పేరు బోర్డు, ఒక రేకుల కప్పు, రెండు సిమెంటు బెంచీలు, అంతే. అయితే మొదటి రకం స్టేషనుకు జీతాల లెక్క, సామాను జాబితా, రైళ్ల రాకపోకల రిజిస్టరు వంటి కాగితాలు ఒకప్పుడు ఉండి తీరాలి. రెండో రకానికి అవి ఏనాడూ లేవు. లేని కాగితాల కోసం నెలల తరబడి వెతకకుండా ఉండాలంటే ఈ తేడా మొదట్లోనే తెలియాలి.

పుట్టుకతోనే సిబ్బంది లేని స్టేషన్లకు హాల్టు అన్న పేరు స్థిరపడింది. బ్రిటన్‌లో గ్రేట్ వెస్టర్న్ రైల్వే 1903 అక్టోబరు 12న చాల్‌ఫర్డ్, స్టోన్‌హౌస్ ఊళ్ల మధ్య ఆవిరి రైల్‌మోటారు సర్వీసును మొదలుపెట్టింది. ఇంజనూ పెట్టే ఒక్కటిగా ఉండే ఆ బండి ఆగడానికి దారి పొడవునా అతి తక్కువ ఖర్చుతో ఆగుచోట్లు ఏర్పాటు చేసి, టికెట్లు ఇచ్చే పనిని బండిలోని కండక్టరుకు అప్పగించింది. రోడ్డు మీది పోటీని తట్టుకోవడానికి రైల్వేలు ఎంచుకున్న మార్గమిది. కాబట్టి ఇటువంటి స్టేషను కథ ప్లాట్‌ఫారం మీద కాక ఆ లైను మీద నడిచిన బండి దగ్గర మొదలవుతుంది. ఏ బండి కోసం దాన్ని పెట్టారో తెలిస్తే, ఎందుకు పెట్టారో సగం తెలిసినట్టే.

భారతీయ రైల్వేలో ఏర్పాటు కొంత భిన్నం. ఇక్కడ చాలా హాల్టుల్లో టికెట్లు అమ్మేది రైల్వే ఉద్యోగి కాదు, కమిషను మీద పనిచేసే హాల్టు ఏజెంటు. ఆయన టికెట్లను దగ్గరలో తనకు కేటాయించిన పెద్ద స్టేషను నుంచి తెచ్చుకుంటాడు, వసూలైన సొమ్మును అక్కడే జమ చేస్తాడు. ఆయన పేరు సిబ్బంది జాబితాల్లో ఎక్కడా కనిపించదు. ఆయన ఒప్పందానికి సంబంధించిన కాగితాలు డివిజను కార్యాలయంలోని కమర్షియల్ విభాగం పరిధిలోకి వస్తాయి. రైళ్లను నడిపే నిబంధనల్లో మరో విభజన ఉంది. ఒక బండిని ముందుకు పంపడానికి అనుమతి ఇచ్చిపుచ్చుకునే స్టేషన్లను బ్లాక్ స్టేషన్లు అంటారు; ఏ, బీ, సీ తరగతులు వాటివే. రెండు బ్లాక్ స్టేషన్ల మధ్య ఉండి, రైళ్ల నడకతో ఏ సంబంధమూ లేకుండా ప్రయాణికులు ఎక్కి దిగడానికి మాత్రమే పనికొచ్చేది డీ తరగతి. ఆదాయాన్నీ ప్రయాణికులనూ బట్టి చేసే వర్గీకరణ ఇంకొకటి. అందులో ఒకప్పుడు హాల్టులన్నీ ఎఫ్ వర్గంలో ఉండేవి. 2017లో వచ్చిన మార్పు తరువాత అవి హాల్టులకే కేటాయించిన హెచ్‌జీ 1 నుంచి హెచ్‌జీ 3 వరకు మూడు వర్గాలుగా విడిపోయాయి. పాత కాగితంలో "డీ" అని కనిపిస్తే అది ఏ వర్గీకరణలోని డీ అన్నది చూసుకోకపోతే కథంతా దారి తప్పుతుంది.

సిబ్బందిని పోగొట్టుకున్న స్టేషను సంగతి వేరు, నిజానికి అదే ఎక్కువ ఆసక్తికరం. ఒంటి లైను మీద ఎదురెదురుగా వచ్చే బండ్లు తప్పుకోవాలంటే పక్కకు చీలి మళ్లీ కలిసే లూప్ లైను ఉండాలి, బండిని ఆ లూప్‌లోకి మళ్లించే పాయింట్లూ సిగ్నళ్లూ ఉండాలి, వాటికి స్టేషన్ మాస్టరూ పాయింట్స్‌మెనూ ఉండాలి. ఊరు ఎంత చిన్నదైనా బండ్లు ఇలా తప్పుకోవడం అవసరమైన చోట స్టేషను నిలిచేది. లైను రెండు దారులైనప్పుడు ఆ అవసరం తీరిపోయింది. ఆవిరి ఇంజన్లు పోయి డీజిల్ ఇంజన్లు వచ్చాక నీళ్ల కోసం ఆగే పని తప్పింది. సిగ్నళ్లను దూరం నుంచే నడిపే పద్ధతి వచ్చిన చోట మనిషి అక్కడ ఉండవలసిన పని కూడా లేకపోయింది. అందువల్ల "ప్రయాణికులు తగ్గారు, అందుకే సిబ్బందిని తీసేశారు" అన్న వాక్యాన్ని సాక్ష్యం లేకుండా రాయకూడదు. ప్రయాణికుల సంఖ్య ఏమాత్రం మారకపోయినా, లూప్ లైను పీకేసిన కారణంగా మాస్టరు వెళ్లిపోయిన సందర్భం కావచ్చు అది.

ఇక స్థలానికి వెళ్లాలి. కాగితాలు చదవకముందు ఒకసారి, చదివాక మరోసారి వెళ్లడం మంచిది. మొదటిసారి మీకు కనిపించినవన్నీ ఏ అభిప్రాయమూ లేకుండా రాసుకుంటారు. రెండోసారి కాగితాల్లో చదివినదాన్ని వెతుక్కుంటారు. పట్టాల మీదికి మాత్రం దిగకండి. ఆగని బండ్లు ఇటువంటి స్టేషన్ల గుండా పూర్తి వేగంతో పోతాయి, హెచ్చరించేవారు ఎవరూ ఉండరు, పైగా అనుమతి లేకుండా పట్టాల మీద నడవడం చాలా దేశాల్లో నేరం. కొలతలన్నీ ప్లాట్‌ఫారం మీది నుంచే తీసుకోవచ్చు.

ముందు ప్లాట్‌ఫారం పొడవును అడుగులు వేస్తూ కొలిచి, మీటర్లలోకి మార్చుకోండి. సాధారణ ప్రయాణికుల పెట్టె ఒకటి సుమారు 22 మీటర్లు ఉంటుంది కాబట్టి, పొడవును 22తో భాగిస్తే ఎన్ని పెట్టెల బండి కోసం దాన్ని కట్టారో అందాజుగా తెలుస్తుంది. మూడు పెట్టెల బండి ఆగే చోట పన్నెండు పెట్టెల ప్లాట్‌ఫారం ఉందంటే ఆ తేడాకు కారణం వెతకవలసిందే. ఎత్తు కూడా చెబుతుంది. భారతీయ రైల్వేలో ఎత్తైన ప్లాట్‌ఫారం పట్టాల మట్టం నుంచి 760 మొదలు 840 మిల్లీమీటర్ల వరకు, మధ్యరకం 455 మిల్లీమీటర్లు ఉంటుంది. కొన్ని చిన్న స్టేషన్లలో పట్టాల మట్టంలోనే నేల ఉంటుంది. అంచు రాళ్ల వరుసలు రెండు రకాలుగా కనిపిస్తే తరువాతి కాలంలో ఎత్తు పెంచారనో పొడిగించారనో అర్థం.

ఆపైన లేని వాటిని చూడాలి. పట్టాలకూ ప్రహరీకీ మధ్య ఒక లైను పట్టేంత ఖాళీ పొడవుగా, సమతలంగా ఉంటే అక్కడ లూప్ ఉండి ఉండవచ్చు. ఇటుకలతో మూసేసిన చిన్న కిటికీ ఒకప్పటి టికెట్ల కిటికీ కావచ్చు. సిగ్నలు స్తంభం పీకేసినా దాని కాంక్రీటు దిమ్మ మిగులుతుంది. నూతి గట్టు, నీళ్ల తొట్టి పునాది, పైకప్పు లేని క్వార్టర్ల వరుస, ఎవరో వరుసలో నాటితే తప్ప అలా పెరగని చెట్లు, ఇవన్నీ అక్కడ మనుషులు కాపురం ఉన్నారనడానికి గుర్తులు. కేవలం హాల్టుగా పుట్టిన చోట క్వార్టర్లు కట్టవలసిన పని లేదు.

ఒక్క విషయంలో జాగ్రత్త. పాత పట్టాలను స్తంభాలుగా పాతి షెడ్లు వేయడం, కంచెలు కట్టడం రైల్వేల్లో ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఆ పట్టా నడుము మీద తయారుచేసిన కంపెనీ పేరూ సంవత్సరమూ ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. అది దొరికినప్పుడు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు, పొరపాటు జరిగేది కూడా సరిగ్గా అక్కడే. ఆ సంవత్సరం పట్టా పుట్టినది. ఎక్కడో ముప్ఫై ఏళ్లు బండ్లను మోసి, అరిగి, ఇక్కడికి స్తంభంగా వచ్చి ఉండవచ్చు. మొదట్లో నేను కూడా ఇలాంటి ఒక అంకెను చూసి స్టేషను వయసు రాసేసి, తరువాత ఒక పాత టైంటేబులు చూసి కొట్టేసుకున్నాను. పట్టా మీది సంవత్సరం నుంచి రుజువయ్యేది ఒక్కటే: ఆ షెడ్డు ఆ ఏడాది కంటే ముందుది కాదు.

తేదీలకు అన్నిటికంటే నమ్మకమైన ఆధారం టైంటేబుళ్లు. బ్రాడ్‌షా టైంటేబులు 1839లో మాంచెస్టర్‌లో మొదలై 1961 వరకు వచ్చింది. భారతదేశపు రైళ్లకు కూడా అదే పేరుతో టైంటేబులు వెలువడేది. పద్ధతి చాలా సులువు. స్టేషను పేరు లేని చివరి సంచికనూ, పేరు ఉన్న మొదటి సంచికనూ పట్టుకుంటే ప్రారంభ తేదీ ఆ రెంటి మధ్య చిక్కుతుంది. మధ్య సంచికలు దొరికే కొద్దీ ఆ ఎడం తగ్గుతుంది. పది పన్నెండు సంచికలు వరుసగా చూడగలిగితే పేరు మారిన సంవత్సరం, ఆగే బండ్లు తగ్గిన సంవత్సరం, ఆగడం పూర్తిగా మానేసిన సంవత్సరం వాటంతటవే బయటపడతాయి. అడుగున ఉండే చిన్న అక్షరాల గమనికలను వదలకండి. "ప్రయాణికులు కోరితేనే ఆగును", "సంత రోజున మాత్రమే" వంటి మాటలు అక్కడే ఉంటాయి, చిన్న స్టేషను జీవితమంతా తరచూ ఆ గమనికల్లోనే ఉంటుంది.

దూరాల వరుసను కూడా పోల్చి చూడాలి. పక్క స్టేషనుకు దూరం ఒక సంచికలో ఒక అంకె, కొన్నేళ్ల తరువాతి సంచికలో మరో అంకె ఉంటే స్టేషనును జరిపి ఉంటారు, లేదా లైనునే మళ్లించి ఉంటారు. మైళ్ల నుంచి కిలోమీటర్లకు మారిన కాలంలో మాత్రం సర్దుబాటు వల్ల కూడా తేడా రావచ్చు. బ్రిటిషు కాగితాల్లో దూరాలు మైళ్లు, గొలుసుల్లో ఉంటాయి. 80 గొలుసులు ఒక మైలు, ఒక గొలుసు 20 మీటర్ల కంటే కొంచెం ఎక్కువ. ప్రజలకు అమ్మే టైంటేబులు కంటే ఉద్యోగుల కోసం అచ్చువేసే వర్కింగ్ టైంటేబులు మరింత విలువైనది. స్టేషను తరగతి, లూప్ లైన్ల వివరం, వేగ పరిమితులు అందులో ఉంటాయి కాబట్టి, సిబ్బంది ఉన్నారా లేరా అన్న మన మొదటి ప్రశ్నకు సూటి సమాధానం తరచూ అక్కడే దొరుకుతుంది.

వెతికేటప్పుడు పేరు వర్ణక్రమం పెద్ద చిక్కు. కాకినాడ కొకనాడగా, ఏలూరు ఎల్లోరుగా, విజయవాడ బెజవాడగా అచ్చయిన కాలం ఒకటుంది. పెద్ద ఊళ్లకే అన్ని రూపాలుంటే, ఒక సర్వేయరు చెవికి వినిపించినట్టు రాసుకున్న పల్లె పేరుకు ఎన్ని రూపాలుంటాయో ఊహించుకోవచ్చు. పైగా స్టేషను పేరు దాని నేల ఉన్న ఊరిది కాకపోవచ్చు. రెండు మైళ్ల అవతలి పెద్ద ఊరి పేరో, రోడ్డు పేరో పెట్టి ఉండవచ్చు. అందువల్ల పేరుతో పాటు రెండు వైపులా ఉన్న స్టేషన్ల పేర్లు పట్టుకుని వెతకడం మేలు. బ్రిటన్ కాగితాల్లో మరొక మెలిక ఉంది: బ్రిటిష్ రైల్ 1974 నాటికి పేర్ల చివరి "హాల్టు" అన్న మాటను తొలగించింది. అది పోయినంత మాత్రాన స్టేషను హోదా పెరిగిందని అనుకోకూడదు.

పాత పటాల గురించి క్లుప్తంగా చెబితే చాలు. సర్వే ఆఫ్ ఇండియా పాత పటాలు మైలుకు అంగుళం లెక్కన, తరువాతివి 1:50,000 కొలతలో ఉంటాయి. బ్రిటన్‌లో ఆర్డ్‌నెన్స్ సర్వే వారి మైలుకు 25 అంగుళాల పటాల్లో లూప్ లైన్లే కాదు, సిగ్నలు స్తంభాలు కూడా గుర్తించి ఉంటాయి. పటం అచ్చయిన సంవత్సరం కాక, నేల మీద సర్వే చేసిన సంవత్సరం చూసుకోవాలి. రెంటికీ మధ్య కొన్నిసార్లు చాలా ఏళ్ల తేడా ఉంటుంది.

టికెట్లు చిన్నవైనా గట్టి సాక్ష్యాలు. థామస్ ఎడ్మండ్‌సన్ 1830లలో రూపొందించిన అట్ట టికెట్టు, వరుస సంఖ్యతో, తేదీ ముద్రతో, నూరేళ్లకు పైగా ప్రపంచమంతా నడిచింది. మీ స్టేషను పేరు ముందే అచ్చయిన టికెట్టు దొరికిందంటే అక్కడ టికెట్లు అమ్మేవారని రుజువు. సేకరణదారుల దగ్గర ఒకే స్టేషనువి వేర్వేరు తేదీల టికెట్లు రెండు దొరికితే, వాటి వరుస సంఖ్యల తేడాను బట్టి ఆ మధ్యకాలంలో ఆ రకం టికెట్లు సుమారుగా ఎన్ని అమ్ముడయ్యాయో లెక్క కట్టవచ్చు. అయితే సంఖ్యలు చివరికి చేరి మళ్లీ సున్నా నుంచి మొదలవుతాయని గుర్తుంచుకోవాలి.

కార్యాలయాల కాగితాలకు వెళ్లేముందు ఆ లైను ఎన్ని చేతులు మారిందో ఒక చిన్న పట్టిక రాసుకోండి. ఉదాహరణకు బెజవాడ ప్రాంతపు లైన్లు మద్రాస్ అండ్ సదరన్ మహరట్టా రైల్వే నుంచి 1951లో దక్షిణ రైల్వేకు, 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు వచ్చాయి. కాబట్టి ఒకే స్టేషను కాగితాలు మూడు చోట్ల చెదిరి ఉండవచ్చు. కొత్త లైను మీద ప్రయాణికుల బండ్లు నడపడానికి ముందు ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు తనిఖీ తప్పనిసరి; బ్రిటన్‌లో ఈ ఏర్పాటు 1840 నుంచి ఉంది. ఆ తనిఖీ నివేదికల్లో, ప్రమాదాల విచారణ నివేదికల్లో, ఏ స్టేషనులో ఆ రోజు ఎవరు పనిలో ఉన్నారో, ఎన్ని లైన్లు ఉన్నాయో స్పష్టంగా రాసి ఉంటుంది. దారుణమైన మాటే గానీ, పక్కన ఒక ప్రమాదం జరిగిన చిన్న స్టేషను గురించి మనకు తెలిసినంత, ఏమీ జరగని స్టేషను గురించి తెలియదు. భారతదేశంలో సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో సమాధానం రావాలి. "చరిత్ర తెలపండి" అని అడిగితే సమాచారం లేదని వస్తుంది; "ఫలానా స్టేషనును హాల్టుగా మార్చిన ఉత్తర్వు తేదీ, సంఖ్య, నకలు" అని అడిగితే ఫలితం ఉండవచ్చు.

స్టేషను ఎందుకు పెట్టారన్నదానికి భూమి కాగితాలు అనుకోని జవాబు చెబుతాయి. ఇంగ్లండులోని నార్‌ఫక్‌లో రోడ్డు దారే లేని బెర్నీ ఆర్మ్స్ అనే స్టేషను 1844 నుంచి ఉంది. రైల్వేకు భూమి అమ్మిన ఆసామి అక్కడ స్టేషను ఉండాలన్న షరతు పెట్టడమే దాని పుట్టుకకు కారణం. ప్రయాణికుల లెక్కలు ఎన్ని తిరగేసినా ఈ కారణం దొరకదు.

లెక్కల సంగతికి వస్తే, అంకెను రాసేముందు దాన్ని ఎప్పుడు లెక్కించారో చూడాలి. బ్రిటిష్ రైల్వే బోర్డు ఛైర్మన్ బీచింగ్ తయారుచేయగా 1963 మార్చి 27న వెలువడిన నివేదిక బ్రిటన్‌లో 2,363 స్టేషన్లను మూసివేయాలని సూచించింది. దాని వెనుక ఉన్న ప్రయాణికుల లెక్క 1961 ఏప్రిల్ 23తో ముగిసిన ఒక్క వారానిది. వేసవి సెలవుల్లో మాత్రమే నిండే సముద్రతీరపు స్టేషన్లకు ఆ వారం ఎంత అన్యాయం చేసి ఉంటుందో అన్న విమర్శ అప్పుడే వచ్చింది. మూసివేతకు బదులుగా వచ్చిన ఆలోచనను కూడా చరిత్రకారులు గమనించాలి. 1960ల రెండో సగంలో బ్రిటిష్ రైల్వే అధికారి జెరార్డ్ ఫియెన్స్ ఇంగ్లండులోని ఈస్ట్ సఫక్ లైను విషయంలో, స్టేషన్లను మూయకుండా వాటిలోని సిబ్బందిని మాత్రం తీసేసి, టికెట్లు బండిలోనే గార్డు చేత అమ్మించే "కనీస రైల్వే" మార్గాన్ని ముందుకు తెచ్చాడు. ఈ వెలుగులో చూస్తే, మాస్టరు వెళ్లిపోయిన రోజు ఒక స్టేషను చచ్చిన రోజు కాకపోవచ్చు, బతికి బయటపడిన రోజు కావచ్చు. మీ స్టేషను విషయంలో ఏది నిజమో తేలడానికి ఆ తేదీకి ముందూ వెనుకా ఐదేళ్ల టైంటేబుళ్లు పక్కపక్కన పెట్టి ఆగే బండ్లను లెక్కపెడితే చాలు.

మనుషుల జ్ఞాపకాలను సేకరించేటప్పుడు "ఏ సంవత్సరం?" అని అడగకండి. "అప్పటికి పొగబండే వచ్చేదా?", "ఊళ్లోకి కరెంటు రాకముందా, వచ్చాకా?", "మీ పెద్దబ్బాయి బడిలో చేరాడా?" అని అడగండి. విశ్రాంత గ్యాంగ్‌మెన్, గేట్‌మెన్, పాయింట్స్‌మెన్ మాస్టర్ల కంటే మంచి సాక్షులు. మాస్టర్లు బదిలీల మీద వెళ్లిపోయారు, వీళ్లు అదే సెక్షనులో జీవితమంతా గడిపారు. ఒకే సంగతిని ఒకరికొకరు తెలియని ఇద్దరు చెప్పేవరకు దాన్ని నోటు పుస్తకంలోనే ఉంచాలి. పేరు వాడుకోవడానికి వారి అనుమతి తీసుకోవాలి.

చిన్న స్టేషన్లను కథలు త్వరగా అల్లుకుంటాయి. పశ్చిమ బెంగాల్ పురూలియా జిల్లాలోని బేగున్‌కోదర్ స్టేషను 1967లో మూతపడి, దెయ్యం స్టేషనుగా పేరు మోసి, 2009లో మళ్లీ హాల్టుగా తెరుచుకుంది. ఇక్కడ దెయ్యం ఉందా లేదా అన్నది మన ప్రశ్న కాదు. ఆ వదంతి ఎప్పటి కాగితంలో మొదటిసారి కనిపిస్తుంది, మూతకు ముందా తరువాతా అన్నది మన ప్రశ్న. జపాన్‌లోని హొక్కయిదోలో ఒకే ఒక్క బడిపిల్ల కోసం ఒక స్టేషనును నడుపుతున్నారన్న వార్త 2016లో లోకమంతా తిరిగింది. వార్తల్లో ఎక్కువగా వచ్చిన పేరు కామి షిరతాకి. ఆ అమ్మాయి ఎక్కుతున్నది క్యూ షిరతాకిలో. ఆ రెండూ, పక్కనున్న షిమో షిరతాకీ అదే ఏడాది మార్చి 26న ఒకేసారి మూతపడ్డాయి. వదంతిని చరిత్రలోంచి తీసేయనక్కరలేదు, దానికి విడిగా ఒక పేరా ఇచ్చి, అది ఎప్పుడు ఎక్కడ మొదలైందో రాస్తే అది కూడా చరిత్రే అవుతుంది.

రాయడానికి కూర్చున్నప్పుడు మొదటి నుంచి చివరకు కాక, సిబ్బంది ఉన్న కాలం, పోయిన సందర్భం, తరువాతి కాలం అని మూడు భాగాలు చేసుకోండి. పుట్టుకతో హాల్టు అయితే బండి మారినప్పుడల్లా ఒక భాగం. ప్రతి తేదీకీ ఎదురుగా అది కాగితంలో చూసినదా, రెండు సంచికల మధ్య లెక్క కట్టినదా, ఒకరు చెప్పినదా అన్నది చిన్న గుర్తుతో రాసి ఉంచండి; అచ్చులో "1931, 1934ల మధ్య" అని రాయడానికి సిగ్గుపడనక్కరలేదు. ఫోటోలకు తీసిన తేదీ, తీసిన దిక్కు తప్పక రాయండి. పూర్తయ్యాక ఒక ప్రతిని దగ్గరి గ్రంథాలయంలో, మరొకటి ఆ హాల్టుకు టికెట్లు అందిన పెద్ద స్టేషనులో ఇవ్వండి. ఆ పాత లెక్కల కట్ట ఇంకా ఏ బీరువాలో ఉందో తెలిసిన గుమాస్తా ఉండేది అక్కడే, మీరు అడిగినప్పుడు గుర్తురానిది మీ పుస్తకం తిరగేసినప్పుడు ఆయనకు గుర్తుకు రావచ్చు.